పదహారో గడి

మా మామ ముక్కును నేను పదేళ్ళ పాటు రోజుకొకసారి గీశాను. ప్రేమతో కాదు. కుక్కర్ మూడు విజిళ్ళు వేసేలోపు, బడిలో పిల్లలు లెక్క చేసుకుంటున్న అయిదు నిమిషాల్లో, పుంగనూరు బస్టాండులో బస్సు కోసం నిలబడి, చేతికందిన కాగితం మీద ఆ ముక్కు, దాని కింద ఆ తెల్ల మీసం, ఆ వేలాడే పెదవి గీసేదాన్ని. రెండు నిమిషాలకు మించి పట్టేది కాదు. ఒకరోజు ముక్కును సొరకాయంత చేసేదాన్ని. ఇంకోరోజు మీసాన్ని అరిగిపోయిన చీపురు చేసేదాన్ని. గీసిన కాగితాలన్నీ బడిలో నా బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. ఇంటికి మాత్రం ఒక్కటీ తీసుకుపోలేదు. బొమ్మలకు ఆ ఇంట్లో ఏ గతి పడుతుందో ఒకసారి చూశాను కాబట్టి.

గీసే అలవాటు నాకు మదనపల్లెలో పట్టింది. మా అమ్మ టమోటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోయేది. పచ్చివి, దోరవి, పగిలినవి వేరు చేయాలి. సెలవుల్లో నేనూ వెంట పోయి, ఖాళీ క్రేటు మీద కూర్చుని, అమ్మను గీసేదాన్ని. పని చేసే మనిషి మన బొమ్మ కోసం ఆగదు. చెయ్యి కుప్ప మీద నుంచి క్రేటులోకి పోయేలోపు గీత పడిపోవాలి. అట్లా తొందరగా గీయడం వచ్చింది నాకు. తలకు టవలు చుట్టుకున్న అమ్మ, పక్కామెతో నవ్వుతున్న అమ్మ, క్రేటుకు ఆనుకుని కునికే అమ్మ, మొత్తం తొమ్మిది లాంగు నోటుపుస్తకాలు నిండాయి. నా పెళ్ళికి ముందు సంవత్సరం అమ్మ పోయింది. ఫోటో అంటే ఆధార్ కార్డు మీద ఉన్నదొక్కటే. అందులో ఆమె ఏదో తప్పు చేసి పట్టుబడిన దానిలా ఉంటుంది.

ఆ తొమ్మిది పుస్తకాలనూ పెట్టెలో పెట్టుకుని పుంగనూరికి కాపురానికి వచ్చాను. మా ఆయన చౌడేపల్లె చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి పాలు తెచ్చే వ్యాను నడుపుతాడు. మామ ఆవులు మేపేవాడు. అత్త లేదు. ఆడబిడ్డను కుప్పంలో ఇచ్చారు. నేను వచ్చిన మరుసటి ఏడు ఆమె తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే నాకు బీఈడీ పరీక్షలు పడి, పన్నెండు రోజులు మదనపల్లెలో పిన్నమ్మ ఇంట్లో ఉండిపోయాను.

బాలింతకు రెండు పూటలా పొగలు కక్కే నీళ్ళు పోయాలి. అత్త లేదు కాబట్టి పెరట్లో పొయ్యి ముందు కూర్చుని నీళ్ళు కాచే పని మామే నెత్తిన వేసుకున్నాడు. ఆ పన్నెండు రోజులూ వాన. కట్టెలు తడిసిపోయాయి. నేను తిరిగి వచ్చేసరికి పొయ్యి పక్కన నా పుస్తకాల అట్టలు తొమ్మిదీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నిప్పు విసరడానికి బాగా పనికొస్తున్నాయట.

మామ నన్ను చూసి లేచి, ఇంట్లోకి పోయి, తెల్ల కాగితాల కట్ట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎంత జాగ్రత్తపరుడో నేను గుర్తించాలని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది.

“రాయని కాగితాలన్నీ సించి పక్కన పెట్టినా సూడమ్మా. గీకేసినవి మాత్రమే పొయ్యిలో పెట్టినాము.”

గదిలోంచి ఆడబిడ్డ అంది: “నేనే సెప్పినా వొదినా, పెట్టెలో పాత పుస్తకాలుండాయని. నీళ్ళు కాగకపోతే ఎట్ల?”

“దాంట్లో మా అమ్మ ఉండింది మామా,” అన్నాను.

“బొమ్మలే కదమ్మా. మళ్ళీ ఏసుకో.”

కావాలని చేసి ఉంటే ఒకరోజు తిట్టుకుని మర్చిపోయేదాన్నేమో. ఆయనకు నా మీద కోపం లేదు, కుళ్ళు లేదు. నిజంగానే మంచి పని చేశాననుకున్నాడు. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అమ్మను మళ్ళీ గీద్దామని వారం రోజులు కూర్చున్నాను. టవలు వచ్చింది, గాజులు వచ్చాయి, మొహం రాలేదు. ఎనిమిదో రోజు కోపంతో మామను గీశాను. ఒక్క గీతకు దిగిపోయాడు. ఈ తండ్రినీ కూతురినీ వదలకూడదని ఆ రోజే అనుకున్నాను. ఎట్లాగో మాత్రం తెలియదు.

తండ్రీ కూతుళ్ళే ఒకసారి నాకు పండగ చేశారు. మామ తన మందలో మంచి పుంగనూరు ఆవును, నడుము ఎత్తు కూడా ఉండదు, దూడతో సహా కూతురికి ఇచ్చి కుప్పం పంపాడు. వాళ్ళు రెండేళ్ళు మేపి, కారులో వచ్చిన బెంగళూరు వాళ్ళెవరికో అమ్మేశారు. ఆయనకు చెప్పలేదు. సంగతి తెలిశాక కూతురు గుమ్మంలోకి రాగానే అన్నాడు: “ఆవును అమ్ముకున్నదానివి, రేపు నన్ను గూడా అమ్ముతావు. ఇంగోసారి ఈ గడప తొక్కద్దు.” ఆమె కాళ్ళు కూడా కడుక్కోకుండా వెనక్కి తిరిగింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నేను హాయిగా విన్నాను. మర్నాడు బడిలో గీసిన మామ బొమ్మ అంతవరకూ గీసిన వాటన్నిట్లోకీ బాగా కుదిరింది.

ఆ తర్వాత ఆరు నెలలకు మామకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మదనపల్లె ఆసుపత్రిలో ఆయనకు స్పృహ లేనంతసేపూ, మూడు రోజులు, ఆడబిడ్డ మంచం దగ్గరే ఉంది. కళ్ళు తెరుస్తున్నాడని నర్సు చెప్పగానే సంచి తీసుకుని లేచింది.

“నన్ను సూసి మళ్ళీ కోపం తెచ్చుకుంటే ఏమైతాదో వొదినా. నాయన అడిగితే సెప్పు. ఆ నిమిషమే బస్సెక్కుతా.”

రక్తపోటు పెరిగే మాటలేవీ ఆయన దగ్గర ఎత్తొద్దని డాక్టరు కూడా అన్నాడు. దాంతో ఇంట్లో కూతురి ఊసెత్తడం మానేశారు. ఆయన మాట్లాడలేడు కాబట్టి కావలసిన వస్తువుల బొమ్మలు ఒక అట్ట మీద వేసి ముందు పెట్టమని, వేలితో చూపిస్తాడని డాక్టరే చెప్పాడు. మా ఆయన నా వైపు చూసి, “నీకు బొమ్మలొస్తాయి కదా,” అన్నాడు. ఆ ఇంట్లో నన్ను బొమ్మ వెయ్యమని అడగడం అదే మొదటిసారి.

పాత క్యాలెండరు వెనకవైపు పదహారు గడులు గీసి అట్టకు అతికించాను. చెంబు, టీ గ్లాసు, సంగటి ముద్ద, దుప్పటి, ఫ్యాను, మరుగుదొడ్డి, మాత్రలు, కిటికీ, ఇట్లా పన్నెండు. అడుగు వరసలో మనుషులు: మా ఆయన, మా పాప, నేను. ఆయన మంచం పక్క గోడకు ఎడమ చెయ్యి అందే ఎత్తులో తగిలించాను. మొదటిసారి వణుకుతున్న వేలు ఎత్తి నా చెంబు మీద పెట్టినప్పుడు నాకు కలిగిన ఆనందం దాచుకోవడం ఎందుకు? గీకేసిన కాగితమే కదా మామా అది. ఇప్పుడు గుక్కెడు నీళ్ళు కావాలన్నా ఆ గీకుడు మీదే వేలు పెట్టాలి. ఈ మాట పైకి అనలేదు. నీళ్ళు తాగించి, మూతి తుడిచి, వంటింట్లోకి పోయి తృప్తిగా అనుకున్నాను.

ఒక గడి మిగిలింది, అడుగు వరసలో చివరిది. మా ఆయన దాన్ని చూసి గొంతు తగ్గించి అన్నాడు: “దీంట్లో సెల్లెలి బొమ్మ ఎయ్యి. మనం పేరెత్తద్దు. కావాలంటే నాయనే సూపిస్తాడు.”

“ఏస్తాలే. మొహం సరిగ్గా గుర్తు రాలేదు,” అన్నాను.

అబద్ధం. ఎవరి మొహమైనా ఒకసారి చూస్తే నిమిషంలో దింపుతాను, ఆడబిడ్డ మొహం పెద్ద లెక్కా? దొంగపనంటే అదొక్కటే చేశాను: గీయకపోవడం. మా ఆయన పొద్దున నాలుగింటికి వ్యానెక్కితే మధ్యాహ్నానికి గాని రాడు. ఒకటి రెండుసార్లు గుర్తు చేసి మర్చిపోయాడు.

మామ మర్చిపోలేదు. మొదటి వారంలోనే ఆయన వేలు అడుగు వరసకు వచ్చింది. కొడుకును దాటింది, మనవరాలిని దాటింది, నన్ను దాటింది, ఖాళీ గడి మీద ఆగింది. తర్వాత నా మొహంలోకి చూశాడు. ఆ చూపు అర్థం కానిదేమీ కాదు. నేను చెంబు తెచ్చాను. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఖాళీ గడి. దుప్పటి కప్పాను.

ఇంకోరోజు ఇది మా ఆయన కూడా చూశాడు. “ఉత్త కాగితం మీద వేలు ఎందుకు పెడతాండాడు? నాయనకు సూపు గూడా తగ్గినట్టుండాది,” అన్నాడు. అవునన్నాను.

ప్రతి ఆదివారం కుప్పం నుంచి ఫోన్ వచ్చేది. ఆరోగ్యం, మందులు, తిండి అన్నీ అడిగాక, చివర్లో గొంతు చిన్నదయ్యేది.

“నాయన నన్నేమన్నా అడిగినాడా వొదినా?”

“లేదమ్మా. బొమ్మల అట్ట ముందరే ఉండాది. కావల్సినవన్నీ సూపిస్తాడు. నిన్ను మాత్రం అడగలేదు.”

“సరేలే,” అనేది. ఫోన్ వెంటనే పెట్టేది కాదు. ఆ నిశ్శబ్దం నాకు బెల్లం పాకంలా ఉండేది. నీళ్ళు కాగకపోతే ఎట్ల అని అడిగావు కదమ్మా, ఇప్పుడు నువ్వు కాగు అనుకునేదాన్ని. ఏడు నెలలు, ఆదివారం తప్పకుండా, ఇదే మాట చెప్పాను. ఏ ఆదివారమూ నాకు నాలిక తడబడలేదు.

ఏడు నెలల్లో అట్ట మాసిపోయింది. నూనె, చెమట, సంగటి అంటిన వేలు పడీ పడీ చెంబు నల్లబడింది, టీ గ్లాసు చెరిగింది, మా ఆయన చెంప మీద మచ్చ పడింది. అన్నిటికంటే ఎక్కువ మాసింది ఖాళీ గడి. మధ్యలో కాగితం పొర లేచి, కింది అట్ట కనబడేంత గుంట పడింది. దుమ్ము దులిపేటప్పుడు దాని మీదికి చూపు పోకుండా చూసుకునేదాన్ని.

ఒక గురువారం మామకు రెండోసారి వచ్చింది. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచుకుని, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. శనివారం పొద్దున ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎవరి మీదా నిలవడం లేదు. ఆ చూపు ఎదురుగా నిలబడే ధైర్యం లేకనో, ఇక పట్టుపట్టి లాభం లేదనో, నేను పెన్ను తీశాను. గుంట పడిన చోట సిరా పారుతుంది. అందుకని పాప నోటుపుస్తకంలోంచి తెల్ల కాగితం చింపి, గడికి సరిపడా కత్తిరించి, దాని మీద ఆడబిడ్డను గీశాను. నిమిషం కూడా పట్టలేదు. కుడి బుగ్గ మీది పుట్టుమచ్చతో సహా దిగింది. అన్నం మెతుకులతో గడి మీద అతికించి, అట్టను ఆయన కళ్ళ ముందు పట్టుకున్నాను. ఆయన చెయ్యి నేనే ఎత్తి, వేలు ఆ మొహం మీద పెట్టబోయాను. వేలు నిలవక జారి పక్క మీద పడింది.

కుప్పానికి ఫోన్ చేశాను.

“అడిగినాడా?” అంది.

“నువ్వు రామ్మా,” అన్నాను.

పలమనేరులో బస్సు మారి ఆమె ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. మామ పదకొండుకే పోయాడు.

మూడో రోజు, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, ఆమె ఖాళీ మంచం మీద కూర్చుని ఆ అట్టను చూస్తోంది. నేను టీ తీసుకుపోయాను. ఒక్కొక్క గడినీ వేలితో తాకుతూ వస్తోంది, అచ్చం ఆయనలాగే. చెంబు దగ్గర ఆగింది, అన్న మొహం దగ్గర ఆగింది. చివరి గడి దగ్గర చాలాసేపు ఆగింది.

“అందరి బొమ్మలూ నాయన ముట్టి ముట్టి మాసిపోయినాయి వొదినా,” అంది. “నాది మాత్రం తెల్లగా ఉండాది. ఏడు నెల్లు కండ్ల ముందర పెట్టుకోని గూడా ఒక్కసారి ముట్టలేదు సూడు.”

ఆమె ఏడవలేదు. దేన్నో పాతిపెట్టి మన్ను కప్పేసి వచ్చిన మనిషిలా నింపాదిగా చెప్పింది. ఇంత పగ నేను కోరలేదని అనాలని ఉంది గాని, కోరాను. పదేళ్ళు కోరాను. అది చేతికందిన ఆ నిమిషంలో నేను చెయ్యవలసింది ఆ కాగితం మూల గోటితో లేపడమే. కింద ఉన్న గుంట చూస్తే చాలు, ఇంకో మాట అక్కర్లేదు. నేను టీ గ్లాసు ఆమె చేతికిచ్చాను.

వెళ్ళేటప్పుడు అట్టను తనకిమ్మంది. మా ఆయన పాత చీరలో చుట్టి ఇచ్చాడు.

మొన్న వాళ్ళ కొత్తింట్లో పాలు పొంగిస్తుంటే కుప్పం పోయాం. హాల్లో దేవుడి పటాల పక్కన అట్ట తగిలించి ఉంది. మెతుకులతో అతికించింది కదా, చివరి గడి కాగితం ఒక మూల లేచి, ఫ్యాను గాలికి ఆడుతోంది. నేను దాని వైపే చూస్తుండడం ఆడబిడ్డ గమనించింది. లోపలికి పోయి గమ్ము సీసా తెచ్చింది.

“నీ చేత్తోనే అతికించు వొదినా. నాకు వంకర పోతాది,” అంది.

ఆమె పక్కనే నిలబడి చూస్తోంది. ఆ మూలను వేలితో ఎత్తి పట్టుకున్నాను. లోపల గమ్ము రాసి, గట్టిగా అదిమి, ఆరేదాకా చెయ్యి తియ్యలేదు.