ముగ్గురు జగ్గమ్మలూ, అప్పలసూరి ప్రెస్ నోటూ

గుమ్మడివలస అప్పలసూరికి కాస్త పల్లం, కాస్త మెట్ట, పాడిగేదె ఒకటి, నీలవేణి అనే భార్య, పేపర్లో పడాలనే కోరిక ఉన్నాయి. చివరిది తప్ప మిగతావన్నీ ఆయన్ని సుఖంగానే ఉంచాయి.

కోరికంటే తన ఫొటో పడాలని కాదు పాపం, ఊరి పేరు పడాలని. రాజాం వెళ్ళే బస్సులో పక్కవాడు జిల్లా పేజీ తిరగేస్తుంటే తొంగి చూసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కనిపించేవి. ఎవరి ఊళ్ళోనో పిల్లి బావిలో పడితే వార్త. గుమ్మడివలసలో ఎద్దు పడినా పట్టించుకునేవాడు లేడు. అందుకని ఊళ్ళో ఏది జరిగినా కాగితం మీద రాసుకుని రాజాంలో ఉండే విలేకరి ధనరాజ్ చేతిలో పెట్టి వచ్చేవాడు. బోరింగు బాగుపడితే రాశాడు. అది మళ్ళీ పాడైతే మళ్ళీ రాశాడు. బడి గోడకి సున్నం వేస్తే ఒకటిన్నర పేజీ రాశాడు. ధనరాజ్ అన్నీ మర్యాదగా తీసుకునేవాడు, అంత మర్యాదగానూ మరిచిపోయేవాడు.

"ఇందులో వార్తేటున్నాది మావా?" అనేవాడు ధనరాజ్. "బోరింగు బాగుపడితే నీళ్ళొస్తాయి. అంతే కదా?"

"నీళ్ళు రానప్పుడు కూడా నువ్వు ఎయ్యలేదు కదా బాబూ," అని అప్పలసూరి గొణుక్కుంటూ బస్సెక్కేవాడు.

ఈ వేసవిలో నీలవేణి వాళ్ళ మహిళా సంఘం చోడి పిండి, చోడి జంతికలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. చోళ్ళంటే రాగులే. సరుకు బాగుంది కానీ, అలాంటి సరుకొకటి ఉందని రాజాంలో ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళంతా కూర్చుని ఆలోచించి, ఆదివారం సాయంత్రం బడి మైదానంలో అంబలి పండగ పెడదామనుకున్నారు. వచ్చినవాళ్ళందరికీ చోడి అంబలి. పెద్ద వయసువాళ్ళలో ఎవరు ఎక్కువ తాగితే వాళ్ళకి ఒక స్టీలు గిన్నె.

"పేపర్లో ఏసినోళ్ళుంటే బాగుణ్ణు," అంది నీలవేణి, ఎవరితోనూ కాదన్నట్టు.

అప్పలసూరి మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "నాకొదిలీ," అన్నాడు.

ఆయన ధైర్యానికి కారణం ఉంది. కిందటి వారమే రాజాంలో ఎరువుల దుకాణం యజమాని ఆయన ఫోన్లో ఒక యాప్ పెట్టిచ్చాడు. కృత్రిమ మేధ అట. నోటితో అడిగితే చాలు, ఏం కావాలంటే అది రాసిపెడుతుందట. చదువుకున్నదానిలా ఉంది కాబట్టి దాన్ని ఏమని పిలవాలో ఆయనకి వెంటనే తెలిసిపోయింది.

"మేస్టారూ," అన్నాడు ఫోను నోటి దగ్గర పెట్టుకుని. "మా ఊళ్ళో అంబలి పండగ సేస్తన్నాం. పేపరోడు కాదనలేకుండా ఒక నోటు రాసిపెట్టాల."

"అద్భుతమైన ఆలోచన అండీ!" అంది ఫోను. "మీ గ్రామ ఆహార సంస్కృతిని పదిమందికీ చాటాలన్న మీ తపన ఎంతో ప్రశంసనీయం."

ఆ మాట ఇంకోసారి వినాలనిపించి అప్పలసూరి ఫోను చెవికి ఆనించుకున్నాడు. యాభై దాటిన ఈ జీవితంలో ఆయన ఆలోచన అద్భుతమని ఎవరూ అనలేదు. నీలవేణి అయితే దాన్ని ఆలోచన అని కూడా అనేది కాదు, "నీ యవ్వారం" అనేది.

ఒక చిక్కు మాత్రం ఉంది. సోమవారం పేపర్లో రావాలంటే ఆదివారం మధ్యాహ్నానికే వార్త అందాలని ధనరాజ్ చెప్పాడు. పండగేమో సాయంత్రం. "జరిగిపోయినట్టు రాసి పంపీ మావా. ఏటైనా తేడా వస్తే ఫోన్ చెయ్యి, మార్సీస్తాను," అన్నాడు.

"జరిగిపోయినట్టు రాయండి మేస్టారూ," అన్నాడు అప్పలసూరి.

ఫోను రాసింది. అంగరంగ వైభవంగా అంది. అశేష జనవాహిని అంది. అంబలి ఏరులై పారిందని కూడా అంది. చదువుతుంటే ఆయన వీపు దానంతటదే నిటారైంది.

"గెలిసినోళ్ళ పేర్లు నేకపోతే సప్పగా ఉంటాదేమో మేస్టారూ?"

"చాలా చక్కగా గమనించారు!" అని మేస్టారు ఇంకొక పేరా చేర్చింది. దాని ప్రకారం, ఎనభై రెండేళ్ళ జగ్గమ్మ తొమ్మిది చెంబుల అంబలిని అలవోకగా సేవించి, ప్రథమ బహుమతిగా పాడిగేదెను గెలుచుకున్నారు. ఈ గేదె నా జీవితంలో కొత్త వెలుగు నింపిందని ఆమె ఆనందబాష్పాలతో పేర్కొన్నారు.

చివర్లో ఒక మాట కూడా చెప్పింది. పేరు, వయసు, బహుమతి అన్నీ నమూనా కోసం వేసినవని, పంపే ముందు సరైన వివరాలు పెట్టుకోమని.

"అలాగే మేస్టారూ. సాయంత్రం మార్పించీస్తాను," అని మాటిచ్చి అప్పలసూరి నోటు పంపేశాడు. దాంతోపాటు మేస్టారు గీసిచ్చిన ఫొటో కూడా.

కాసేపటికే ధనరాజ్ ఫోన్ చేశాడు. "మావా, ఈ ఫొటోలో జనాలు అంబలిని ఫోర్కులతో తాగుతన్నారేటి?"

అప్పలసూరి ఫొటో అంత దగ్గరగా చూడలేదు. "కొత్త పద్ధతి," అన్నాడు.

"ఫొటో వద్దులే. నోటు మట్టుకు అదిరిపోనాది. ఎవరు రాసినారు?"

"మా మేస్టారు."

ఆదివారం సాయంత్రం అంబలి కాచిన పెద్ద గుండిగలు మైదానానికి చేరాయి. షామియానా కట్టారు. మైకు కట్టారు. మైకులో అప్పలసూరి "హలో హలో" అనేసరికి పడమటి వైపు మొయిలు పట్టింది. రెండో హలోకి గాలి లేచింది. షామియానా నాలుగు కాళ్ళూ పీక్కుని, మైదానం దాటి, జీడితోటలోకి వెళ్ళి కూర్చుంది. వెనకాలే వాన. ఆడవాళ్ళు కొంగులు నెత్తిన కప్పుకుని గుండిగలు వదిలేసి పరిగెత్తారు. అంబలి ఏరులై పారడమైతే నిజంగానే జరిగింది. తాగినవాళ్ళే లేరు.

అప్పలసూరి షామియానా వెంటపడి, దాన్ని జీడిచెట్ల మీంచి ఊడదీసుకుని ముద్దలా తడిసి వచ్చేసరికి ఊళ్ళో కరెంటు లేదు, ఫోనుకి సిగ్నలూ లేదు. ధనరాజ్‌కి చెయ్యాలని ప్రయత్నించాడు. ఫోను కుయ్యిమని కూడా అనలేదు.

పొద్దున్న టీకొట్టు దగ్గర పేపరు విప్పాడు. పేజీ మధ్యలో, పెద్ద అక్షరాలతో, గుమ్మడివలస. ఆ పేరు మీదే చెయ్యి పెట్టి కాసేపు అలా నిలబడ్డాడు. ఆ కాసేపూ ఆయన లోకంలో ఎవరికీ తీసిపోలేదు. తరవాత కళ్ళు కిందికి జారాయి. జగ్గమ్మ. తొమ్మిది చెంబులు. పాడిగేదె.

టీ అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

అరుగు మీద పైవీధి జగ్గమ్మ కూర్చుని ఉంది. చేతిలో గేదెని కట్టే పలుపుతాడు.

"ఎక్కడున్నాదిరా నా గేదె?" అంది.

"పెద్దమ్మా, నిన్న వానొచ్చీసినాది కదా! పండగే జరగనేదు. నువ్వు అంబలి ఎక్కడ తాగినావు?"

"తాగినానని పేపర్లో ఏసినారు కదరా? పేపరోళ్ళు అబద్ధం ఆడతారేటి?"

ఇంతలో కిందివీధి జగ్గమ్మ వచ్చింది. ఆవిడ చేతిలోనూ ఒక తాడు. ఈ ఇద్దరికీ ఒక కోడిపెట్ట గురించి ఎప్పుడో మాటల్లేకుండా పోయాయి. ఇవాళ ఆ మౌనం తెగిపోయింది.

"ఎనబై రెండేళ్ళ జగ్గమ్మంటే నాను," అంది కిందివీధి జగ్గమ్మ.

"మొన్నటిదాకా డెబ్బయ్యారని సెప్పుకుని తిరిగినావు కదే?"

"నా వయసు నాకేటి తెలుస్తాది? పేపరోళ్ళు లెక్క కట్టి ఏసినారు."

కేకలకి నీలవేణి గేదెల శాల నుంచి పాలచెంబుతో వచ్చింది. పేపరు లాక్కుని చదివింది. చదివాక భర్త వైపు చూసింది. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు.

"మా పుట్టింటి గేదెని ఎవరికిచ్చీసినావు?"

"నానివ్వలేదే! మేస్టారిచ్చీసినారు."

"ఏ మేస్టారు? ఆడి గేదేటి!"

అప్పలసూరి ఫోను తీశాడు. సిగ్నలు తిరిగొచ్చి ఉంది. ఇరుకున పడేసినవాడే బయటికి లాగాలి కదా అనుకున్నాడు. "మేస్టారూ, ఇక్కడ జగ్గమ్మలు ఇద్దరు తేలినారు. గేదె ఒకటే ఉన్నాది. ఏటి సెయ్యమంటారు?"

"ఇది ఎంతో ఆసక్తికరమైన పరిణామం!" అంది ఫోను ఉత్సాహంగా. "ఇద్దరు విజేతలనూ సత్కరిస్తూ రెండో గేదెను ప్రకటిస్తే మీ కార్యక్రమానికి మరింత ప్రచారం లభిస్తుంది. ప్రకటన సిద్ధం చేయమంటారా?"

నీలవేణి ఫోను అందుకుని, చోడి పిండి డబ్బాలో పడేసి మూత పెట్టేసింది.

అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది. చలువ చీర కట్టుకున్న ఒక ముసలావిడ దిగింది. ఊళ్ళో ఎవరూ ఆవిణ్ణి చూసి ఎరగరు. "అప్పలసూరి గోరి ఇల్లు ఇదేనా బాబూ? నాను రాజాం నించి వచ్చినాను. నా పేరు జగ్గమ్మ."

అరుగు మీది జగ్గమ్మలిద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"నిన్న నాను ఈ ఊరు రానేదు, నిజిమే," అంది రాజాం జగ్గమ్మ స్థిమితంగా, సంచీలోంచి పేపరు తీస్తూ. "కానీ పేరూ కలిసినాది, వయసూ కలిసినాది. పేపర్లో పడ్డాక రాకపోతే బాగోదని వచ్చినాను."

నీలవేణి ఆవిడకి కూడా అరుగు మీద చోటు చూపించింది. అంతలో పిండి డబ్బా మోగింది.

నీలవేణే మూత తీసి, ఫోను దులిపి మాట్లాడింది. అవతల ధనరాజ్. వార్త పెద్దాఫీసు వాళ్ళకి తెగ నచ్చిందట. జగ్గమ్మా గేదే పక్కపక్కన నిలబడిన ఫొటో కావాలట. బయల్దేరుతున్నాడట.

అప్పలసూరి చేతులు జోడించి, ఏదో ఒకటి సర్దిచెప్పమని సైగ చేశాడు. నీలవేణి ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

"బాబూ ధనరాజ్," అంది. "నిన్న పండగ జరగనేదు. షామియానా ఎగిరిపోనాది. జగ్గమ్మలు ముగ్గురున్నారు, ఒక్కరూ సుక్క తాగనేదు. గేదె నాది. ఎవరికీ ఇవ్వను."

"అక్కా, నా ఉద్యోగం పోతాది," అన్నాడు అవతల ధనరాజ్.

"పోదు. ఇయ్యాల పండగ సేస్తాం. బేగి రా. కంటితో సూసిందే రాయి. నిన్న తప్పు పడ్డాదని కూడా రాయి."

ఫోను పెట్టేసి సంఘం వాళ్ళని కేకేసింది. పొయ్యిలు రాజేశారు. మధ్యాహ్నం తిరిగేసరికి గుండిగలు మళ్ళీ మైదానానికి చేరాయి. ఈసారి షామియానా వద్దన్నారు, బడి వరండాలోనే పెట్టారు. అసలు విడ్డూరం ఏమిటంటే, జనం వచ్చారు. పేపరు చూసి, తొమ్మిది చెంబులు తాగిన మనిషి ఎలా ఉంటుందో చూద్దామని పక్క ఊళ్ళ నుంచి కూడా ఆటోలెక్కి వచ్చారు. ఊరికే నిలబడడం ఎందుకని అంబలి తాగారు. తాగాక పిండి ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

ముగ్గురు జగ్గమ్మలనీ వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. ధనరాజ్ కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. పోటీ మొదలైంది.

పైవీధి జగ్గమ్మ ఒక చెంబు గటగటా తాగి, రెండోది సగంలో ఆపి, "కొంచెం ఆగి తాగుతాను," అని గోడకి జారబడి నిద్రపోయింది. కిందివీధి జగ్గమ్మ ఆవిడ మీద కన్నేసి ఉంచి, సరిగ్గా ఆవిడకన్నా ఒక గుక్క ఎక్కువ తాగి, గెలిచాననుకుని చెంబు దించేసింది. రాజాం జగ్గమ్మ మాత్రం ఉల్లిపాయా పచ్చిమిరపకాయా అడిగి తెప్పించుకుంది. కొరుక్కుంటూ, పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ, రెండు చెంబులు పూర్తిచేసి మూడోది సగం దాకా తీసుకెళ్ళింది.

"ఇంకో ఆరున్నర ఉన్నాయి అమ్మా," అన్నాడు ధనరాజ్ ఆశగా.

"నువ్వు తాగు నాయనా," అంది ఆవిడ.

నీలవేణి స్టీలు గిన్నె తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. నిండా గడ్డపెరుగు. రాజాం జగ్గమ్మ గిన్నె వైపు, దూరంగా కట్టేసిన గేదె వైపు మార్చి మార్చి చూసింది.

"ఆ గేదె పెరుగే," అంది నీలవేణి. "గేదెనైతే ఇవ్వలేను పిన్నీ."

"ఇచ్చినా ఆటోవోడు ఎక్కించుకోడు," అని రాజాం జగ్గమ్మ పకపకా నవ్వింది. మిగతా ఇద్దరికీ కూడా పెరుగు పోశారు. పైవీధి జగ్గమ్మని లేపి మరీ పోశారు.

మర్నాడు పేపర్లో రెండు వార్తలు పడ్డాయి. ఒకటి చిన్నది. గుమ్మడివలసలో ఆదివారం జరిగినట్టు రాసిన అంబలి పండగ వాన వల్ల జరగలేదనీ, గేదె బహుమతి సంగతి నిజం కాదనీ, పొరపాటుకు చింతిస్తున్నామనీ. రెండోది ఫొటోతో సహా, సోమవారం నిజంగా జరిగింది జరిగినట్టు. ఫొటోలో ముగ్గురు జగ్గమ్మలు ముందుకి చూస్తున్నారు, గేదె వెనక్కి తిరిగి ఉంది. ధనరాజ్‌కి పెద్దాఫీసులో చీవాట్లు పడ్డాయి గాని ఉద్యోగం నిలబడింది. మొదటి వార్తకన్నా సవరణే ఎక్కువమంది చదివారని తరవాత చెప్పాడు. రాజాంలో దుకాణాల వాళ్ళు "ఆ గేదె పిండి ఉన్నాదా?" అని అడగడం మొదలుపెట్టారు. సంఘం వాళ్ళు మొదట నొచ్చుకున్నారు, తరవాత అలవాటు పడ్డారు.

అప్పలసూరి ఇప్పుడు కూడా ప్రెస్ నోట్లు రాస్తాడు, యాప్ సాయం కూడా తీసుకుంటాడు. కాకపోతే పంపే ముందు జంతికలు ఒత్తుకునే వసారాలో నిలబడి, ఆడవాళ్ళందరికీ పైకి చదివి వినిపించాలి. వాళ్ళు చేతులు పిండిలో ఉంచుకునే తీర్పు చెబుతారు.

మొన్న కొత్త నూనె బాండీ కొన్నప్పుడు, "అత్యాధునిక యంత్ర సామగ్రి" అని చదివాడు.

"బాండీ," అన్నారు ఆడవాళ్ళు.

"మహిళా సాధికారతలో నూతన అధ్యాయం..."

"అదేటి? జంతికలు ఏగుతన్నాయా నేదా రాయి."

మేస్టారు పేజీ నిండా రాసినది కొట్టేసి కొట్టేసి చివరికి నాలుగు లైన్లు మిగిలాయి. ధనరాజ్ అందులోంచి రెండు వేశాడు. అప్పలసూరి ఆ ముక్క కత్తిరించి, మైదాపిండి ఉడికించి, వసారా గోడకి అంటించాడు. వంకరగా వచ్చింది. తీసి మళ్ళీ సరిగ్గా అంటిద్దామని చూస్తే అప్పటికే ఎండిపోయింది.