వలిసెలు పూసే నెలలు

అరవైల చివర్లో నాకు పెళ్లయింది. కళింగపట్నం పక్క ఊరి నుంచి, సాలూరు అవతల కొండల కిందున్న మేనమామ ఇంటికి కోడలిగా వెళ్లాను. మావయ్య అప్పటికే పోయాడు. ఇంట్లో అత్త, బావ, నేను.

అక్కడి మెట్ట చేలల్లో అందరూ నూనె కోసం వలిసెలు వేసేవారు. వానలు వెనకబట్టాక పూత వచ్చింది. గడప దిగితే కొండ మొదలు దాకా పసుపే. ముచ్చటేసి బావతో చేనుకి వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. ఘాటైన పచ్చివాసన, తేనెటీగల రొద. సాయంత్రానికి కళ్లు మండాయి. తెల్లారేసరికి దగ్గు. కొద్దిరోజుల్లోనే ఊపిరి తీస్తే ఛాతీలో పిల్లికూతలు.

దగ్గు తగ్గలేదు. ఒక పొద్దున అత్త నా కంచం, చెంబు తెచ్చి వసారాలో పెట్టింది.

"ఏటత్తా ఇది?"

"ఏటీ నేదమ్మా. కొన్నాళ్లు ఇక్కడే తిను. పడక కూడా ఇక్కడే." నా మొహంలోకి చూడలేదు.

క్షయ అనుకుందని అప్పుడర్థమైంది. ఆమె చెల్లెలు ఆ రోగంతోనే పోయింది. అత్త భయం నాకు తెలుసు. అయినా ఆ పూట కంచంలో అన్నం కోళ్లకు వేసేశాను. బావికి వెళ్తే ఆడవాళ్లు బిందెలు పక్కకి లాక్కునేవారు. బావ చేనుకి వెళ్తూ వసారాలో ఆగి ఏదో అడగబోయేవాడు, లోపల్నుంచి అత్త పిలిచేది. రోజంతా మాట్లాడే మనిషి లేక కోళ్లను అదిలిస్తూ వాటితోనే మాట్లాడేదాన్ని.

చివరికి బావ అత్తను ఎదిరించి నన్ను విజయనగరం తీసుకెళ్లాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి క్షయ కాదన్నాడు.

"మీ ఊళ్లో ఇప్పుడేం పూసింది?"

"వలిసెలు బాబూ," అన్నాడు బావ.

"ఆ పుప్పొడి, ఆ పూల ఘాటు గాలిలో కలిసి వస్తాయి. కొందరి ఊపిరికి పడవు. పూత అయ్యేదాకా ఈవిడ్ని దూరంగా ఉంచండి."

ఇంటికొచ్చి చెబితే అత్త నమ్మలేదు. "పువ్వులకి దగ్గొస్తాదేటి? ఊరంతా పీలుస్తన్నాం, మాకు రానేదే!"

బావ తల వంచుకున్నాడు. "మన సేన్లో వలిసెలు మానేస్తాను. ఊరోల్ల సేలన్నీ ఎవులు మానిపిస్తారు?" అన్నాడు నాతో.

ఆమదాలవలసలో రైలు దిగి, బస్సెక్కి పుట్టిన ఊళ్లో అన్నయ్య ఇంటికి చేరాను. అమ్మానాన్నా అప్పటికి లేరు. సముద్రపు గాలికి పిల్లికూతలు ఆగిపోయాయి. గుండె నిండా ఊపిరి తీయగలిగాను, కానీ ఆ సంతోషం పంచుకోవడానికి ఎవరూ లేరు. వదిన ముభావంగా ఉండేది. పక్కింటామె సూటిగా అడిగేసింది: "మొగుడు ఒగ్గేసినాడేటే?" లేదన్నాను. నా మాట నాకే గట్టిగా వినపడలేదు.

కోతలయ్యాక ఒక మధ్యాహ్నం నన్ను తీసుకెళ్లడానికి బావ వచ్చాడు. ఎదురెళ్లబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఆగు, దగ్గరికి రాకు. నా గుడ్డలకి ఆ ఎండు పువ్వు దుమ్ము పట్టుంటాది."

పెరట్లో బావి దగ్గర చొక్కా విప్పి బండ మీద బాది ఉతికాడు. తల మీద నుంచి నీళ్లు గుమ్మరించుకున్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తూ ఏడ్చాను. నా జబ్బేమిటో నమ్మిన మనిషి ఒకడున్నాడు.

తర్వాత చాలా ఏళ్లు మా కాపురం అలాగే సాగింది. పూత మొదలవుతుందనగా నన్ను రైలెక్కించి, అది కదిలేదాకా బావ ప్లాట్‌ఫారం మీద నిలబడేవాడు. కోతలయ్యాక వచ్చి, బావి దగ్గర చొక్కా ఉతుక్కుని, అప్పుడు గుమ్మం ఎక్కేవాడు.