లతీఫా మొగుడు మారు అడిగిన రోజు

తెనాలిలో లతీఫాకి నోరున్న పిల్లని పేరు. బడిలో పంతులమ్మ లెక్క తప్పు చేసినా లేచి నిలబడి చెప్పేసేది. అలాంటి పిల్లకి ముఖ్తార్ దొరికాడు చూడండి! పెళ్ళిచూపులకొచ్చినవాడు ఒక్క గరిటె బిర్యానీ పడగానే "చాలండీ, చాలు" అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. పాపం, ఇతని ఆకలి తీరలేదని తలుపు చాటునున్న లతీఫాకి అప్పుడే తెలిసిపోయింది. మనిషి మంచివాడే, తెలివైనవాడే. కానీ మొహమాటం! దాన్ని బట్టలతోపాటు సూట్‌కేసులో సర్దుకుని సిడ్నీ దాకా తెచ్చుకున్నాడు మహానుభావుడు.

తొంభై తొమ్మిదిలో వాళ్ళ కాపురం హారిస్ పార్కు అనే పేటలో. ముఖ్తార్ ఆఫీసు పక్కనే, ప్యారమటాలో. రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తారీఖు తెలియక తికమకపడతాయని లోకమంతా గుండెలు బాదుకుంటున్న రోజులవి. ఒక బ్యాంకు ప్రోగ్రాములన్నీ సరిచేసే టీమ్‌లో ముఖ్తార్‌ది పెద్ద చెయ్యే, అయితే ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోడు. ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆ టీమంతా స్టేషను వెనక సందులో ఒకాడా అనే జపాను పెద్దాయన కొట్టుకి రామెన్, అంటే వాళ్ళ నూడుల్స్ పులుసు, తినడానికి వెళ్ళేవాళ్ళు.

నవంబరులో ఒక సాయంత్రం ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురమ్మన్నాడు మేనేజరు బ్రెట్. లతీఫా మంచి చీర కట్టుకుని వెళ్ళింది. చిన్న కొట్టు, నాలుగు బల్లలు, వంటగదిలోంచి ఆవిరి. ఎముకలు పొద్దుటి నుంచీ మరిగిన వాసన తగలగానే వాళ్ళమ్మ చేసే పాయా గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది ఆవిడకి. అందరి ముందూ గిన్నెలొచ్చాయి. తెల్లటి చిక్కటి పులుసు, అందులో నూడుల్స్, పైన పంది మాంసం ముక్కలు, ఉడికిన గుడ్డు. ముఖ్తార్ ముందు మాత్రం, అతనేమీ అడక్కుండానే, ఉత్త టీ కప్పొకటి వచ్చి కూర్చుంది.

"అదేంటండీ, ఈయనకి టీయేనా?" అంది లతీఫా.

ఒకాడా చేతులు తుడుచుకున్నాడు. "మీవారు ఎప్పుడొచ్చినా కడుపు నిండుగా ఉందంటారమ్మా. జూన్‌లో చలి మొదలైనప్పటి నుంచీ అదే మాట. నా వంట అంత బాగోదా?"

ఆ పెద్దాయన మొహం చిన్నబోవడం చూసి లతీఫా నోరు తెరవబోయింది. బల్ల కింద ముఖ్తార్ కాలు తొక్కాడు. కాలు తొక్కితే ఆగే మనిషేనా ఈవిడ? తన ముందున్న గిన్నె కూడా పక్కకి జరిపింది.

"మీ వంటకేం వంక లేదండీ! రుచి చూస్తేగా ఈయనకి తెలిసేది. మేం పంది మాంసం తినం, కోడైనా మేకైనా హలాల్ అయితేనే తింటాం. ఆ మాట చెబితే మీరెక్కడ నొచ్చుకుంటారోనని ఈయన మొహమాటం."

"చెప్పకపోతేనే కదమ్మా నొచ్చుకున్నాను" అన్నాడు ఒకాడా.

బ్రెట్ చెంచా కింద పెట్టి ముఖ్తార్‌ వైపు చూశాడు. "ఇన్నాళ్ళూ ఆకలితో కూర్చున్నావా మా పక్కన?" ముఖ్తార్ నవ్వేసి టీ తాగాడు.

ఇంటికి నడిచొస్తుంటే అసలు సంగతి బయటపడింది. కొత్త ఏడాదిలో మొదలయ్యే పనికి టీమ్ లీడ్‌గా ఉంటావా అని బ్రెట్ అడిగాడట. ఈయనేమో "పర్లేదు, ఎవరైనా చెయ్యనీండి" అన్నాడట.

"యా అల్లా! మీకు ఆ పని కావాలా, వద్దా?"

"కావాలి" అన్నాడు చివరికి ముఖ్తార్.

"మరి?"

"అడగ్గానే సరేనంటే ఏం బాగుంటుంది లతీఫా? ఇంకోసారి అడుగుతాడులే, అప్పుడు ఒప్పుకుందామనుకున్నా."

లతీఫా నడిరోడ్డు మీద ఆగిపోయింది. "ఇది తెనాలి కాదండీ, వద్దన్నా బతిమాలి వడ్డించడానికి! ఇక్కడ చాలంటే చాలనే అర్థం. రేపు నేనే వెళ్ళి బ్రెట్‌తో చెబుతా."

"వద్దు. ఈసారి నువ్వు మాట్లాడనని నాకు మాటివ్వు."

ఆ గొంతులో ఏముందో గానీ, ఇచ్చింది. ఇచ్చాక తిట్టుకుంది.

రంజాన్ వచ్చింది. ముఖ్తార్ ఉపవాసాలుంటూనే పగలూ రాత్రీ పనిచేశాడు. తారీఖు మారింది, బ్యాంకు కంప్యూటర్లు కిక్కురుమనలేదు. పండగ వెళ్ళిన వారానికి ఒకాడా దగ్గర్నుంచి ఫోను, లతీఫాకే. "అమ్మా, మీ టీమ్ విందు ఇక్కడే పెట్టారు. కొత్త గిన్నె, కొత్త కత్తి కొన్నాను. మాంసం ఎక్కడ కొనాలో చూపించండి." ఇద్దరూ ఆబర్న్‌లో హలాల్ కొట్టుకి వెళ్ళి కోడి ఎముకలు తెచ్చారు. పులుసులో సారా చుక్క కూడా పడకూడదని లతీఫా గట్టిగా చెబితే, ఆయన తలూపి సీసా తీసి పై అరలో పెట్టేశాడు.

విందు రోజు మొదటి గిన్నె ముఖ్తార్‌ది. ఒకాడా అక్కడే నిలబడ్డాడు. ముఖ్తార్ బిస్మిల్లా అనుకుని ఒక గుటక వేశాడు, ఇంకోటి వేశాడు, తర్వాత గిన్నెలోంచి తలెత్తితే ఒట్టు. పులుసు ఇంకా సగముండగానే నూడుల్స్ అయిపోయాయి.

"ఇంకాస్త వెయ్యనా?" అన్నాడు ఒకాడా.

ముఖ్తార్ చెయ్యి అలవాటుగా గిన్నె మీదకి లేచింది. లతీఫా పళ్ళు బిగబట్టుకుంది. మాట్లాడనని మాటిచ్చేసింది మరి. అడగండి, మీ పుణ్యముంటుంది, అడగండి!

చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత మెల్లగా దిగి, గిన్నెని ముందుకి జరిపింది.

"వెయ్యండి. చాలా బాగుంది. ఆకలిగా కూడా ఉంది" అన్నాడు ముఖ్తార్. అని ఊరుకోలేదు. బ్రెట్ వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి గానీ గొంతు వణకలేదు. "బ్రెట్, ఆ లీడ్ పని ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే, అది నాకు కావాలి. నేను బాగా చేస్తాను."

"నువ్వు వద్దన్నావని ఎంత బాధపడ్డానో తెలుసా?" అన్నాడు బ్రెట్. "సోమవారం నుంచి నీదే."

బల్ల చుట్టూ చప్పట్లు. లతీఫాకి కళ్ళు నిండాయి. ఈయన నా మొగుడు అని ఆ కొట్టు కప్పెగిరిపోయేలా అరవాలనిపించింది. మాటిచ్చింది కాబట్టి అరవలేదు. తన గిన్నె కూడా ఒకాడా ముందుకి తోసింది.

"నాక్కూడా వెయ్యండి" అంది.