రత్నమన్న నడిచి చూసిన వీధులు

ఈ పొద్దున అనంతపురంలో మా దుకాణం ముందు నుంచి డీజే బండి ఒకటి పోయింది. షట్టరు రేకు జరజరమని అదిరింది. దెబ్బ ముందు అరికాళ్లకు తగిలి, ఆ తర్వాత చెవికి అందింది. నా బొటనవేలు దానంతటదే వేళ్ల కణుపుల మీద ఆ దెబ్బలను ఎనిమిది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి వచ్చింది. ఈ అలవాటు రత్నమన్న దగ్గర అబ్బింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

పూర్తి పేరు యేసురత్నం. ఉరవకొండలో సౌండ్ సర్వీసు నడిపేవాడు. వాళ్ల నాయన తప్పెట కొట్టేవాడు, పాతికేళ్లు వచ్చేదాకా ఈయనా కొట్టాడు. రెండువేల అయిదు ప్రాంతంలో, డిగ్రీ అయిపోయి కంప్యూటర్ కోర్సు కూడా చేసి ఖాళీగా ఉన్న నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఊరేగింపుల్లో వేయడానికి పాటల ముక్కలు తయారుచేయడం నా పని. ఊరేగింపులో పాటను మొదటి నుంచి చివరిదాకా ఎవరూ వేయరు. సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పాట పచ్చటి గుట్టల వరుసలా కనిపిస్తుంది. అందులో ఊపున్న చోటును, డప్పుల వరుసను విడివిడిగా కోసి దాచుకోవాలి. ముక్క చివర దాని మొదటికే అతకాలి. అప్పుడే బండి మలుపు తిరిగేంతసేపూ అదే ముక్కను తిప్పి తిప్పి వేయవచ్చు. వెంట్రుకవాసి తప్పినా అతుకు దగ్గర టిక్కుమంటుంది. ఆ టిక్కు వినపడకుండా కోస్తే పని వచ్చినట్టేనని అనుకునేవాణ్ని.

మొదటి వారం నలభై ముక్కలు కోసి వినిపించాను. కళ్లు మూసుకుని అన్నీ విన్నాడు.

"కోత బాగుండాది. యాడ వేస్తావు వీటిని?"

"ఊరేగింపులో అన్నా."

"ఊరేగింపు రోడ్డు మీద పోతాదనుకున్యావా? ఇండ్ల ముందర పోతాదప్పా. యా ఇంటి ముందర యా ముక్క వేస్తావు?"

మర్నాడు మోపెడ్ మీద ఒక ఊరికి తీసుకుపోయి, బండి పోయే వీధులన్నీ నడిపించాడు. మలుపు మలుపుకూ ఆగి అడిగాడు. ఎవరైనా మంచం మీద ఉన్నారా, పసిబిడ్డ ఉందా, ఈ మధ్య చావు జరిగిందా. తిరిగొచ్చాక ఆ వీధుల వరుసలోనే ముక్కలు పేర్పించాడు. చావు ఇంటి కోసం ఒక ముక్క ప్రత్యేకంగా ఉండేది. పాట ఉండదు, ఆయన స్వయంగా కొట్టి రికార్డు చేసిన తప్పెట మాత్రమే, మెల్లగా. దానికి 'నడక' అని పేరు పెట్టాడు. పూర్తిగా ఆపేస్తే సరిపోదా అని అడిగాను.

"ఆపితే అందురూ ఆ ఇంటి పక్కే సూస్తారు. మా నాయన ఆపేటోడు కాదు, దెబ్బ మార్చేటోడు" అన్నాడు.

ఆ ఏడు వినాయక చవితికి ముందు వానలు లేక వేరుశెనగ చెట్లు కాయల ఊడలు దిగకుండానే వాడిపోయాయి. గార్లదిన్నె వైపు ఒక ఊళ్లో నిమజ్జనానికి మమ్మల్ని పిలిచారు. రత్నమన్నకు జ్వరం. "నువ్వు పోయి వీధులు సూసి రాప్పా" అన్నాడు. నేను పోయాను. బస్టాండు దగ్గరే టీ తాగి, కమిటీ కుర్రాళ్ల చేత కాగితం మీద దారి గీయించుకుని, ఎండకు జడిసి తర్వాతి బస్సుకే వెనక్కి వచ్చేశాను. నడిచావా అంటే నడిచానన్నాను.

నిమజ్జనం రోజు మధ్యాహ్నం బండి ఒక ఇరుకు మలుపులో ఆగింది. కుర్రాళ్లు కేకలు వేస్తుంటే నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఊపున్న ముక్క వేశాను. ఎదురుగా ఒక ఇంటి గడపలో ఒకామె కూర్చుని ఉంది. ఆ ఇంటాయన బోర్లలో నీళ్లు పడక పురుగుల మందు తాగి చనిపోయి తొమ్మిది రోజులైందని బండి పక్కన ఎవరో అన్నారు. జ్వరంతోనే వచ్చి వెనక కూర్చున్న రత్నమన్న నా భుజం మీదుగా చెయ్యి చాచి, శబ్దం మీటను కొంచెం కొంచెంగా దించి 'నడక' వేశాడు. కుర్రాళ్లు గోల చేశారు. ఒకడు ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"మిషను కాగిందప్పా, రవ్వంత సేపు ఓర్చుకోండి" అన్నాడాయన.

ఊరు దాటాక ఒకే ఒక్క మాట అడిగాడు. "నడిచినావా?"

"ల్యాదన్నా" అన్నాను.

మర్నాడు నన్ను ఆ ఇంటికి తీసుకుపోయాడు. గడప బయటే నిలబడ్డాం. "తప్పయిపోయిందమ్మా. మావోడు ఇచారించకుండా పాట వేసినాడు" అన్నాడు.

ఆమె ఇంటి లోపలి మూల వైపు చూసింది. ఆ తర్వాత అంది: "వాళ్ల నాయన పోయినప్పట్నుంచి మా పిల్లోడు నోరు తెరవలేదన్నా. అన్నం కూడా సరింగా తిన్లేదు. నిన్న మీ పాటకు లేచి ఎగిరినాడు. నాకు సిగ్గయి, పట్టుకోని కొట్టినా. మళ్లీ మూలన పడినాడు." మా వైపు తిరిగి, "పాట వేసినందుకు మిమ్మల్ని తిట్టల్లా, ఆపినందుకు తిట్టల్లా, నాకే తెలీడం ల్యా" అంది.

లోపల చీకట్లో ఏడెనిమిదేళ్ల పిల్లవాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుకాణానికి వచ్చాక రత్నమన్న ముందురోజు నేను వేసిన ఊపు ముక్కను పెట్టించి, రెండుసార్లు విన్నాడు. నేను చెరిపేయబోయాను.

"ఉండనీ" అన్నాడు. "ఇన్నాళ్లూ చావింటోళ్లకు ఏం కావల్నో నాకే తెలుసనుకుంటి."

అప్పటి నుంచి ఆయన ఆరా తీయడం వీధి మలుపులో ఆగిపోలేదు. చావు జరిగిన ఇంటి ముందు చెప్పులు విడిచి, "రేపు ఇట్ల మెరవణి బండి పోతాదమ్మా, ఏం చేయమంటారు?" అని అడిగేవాడు. ఎక్కువమంది తగ్గించమనేవాళ్లు. ముదిగుబ్బ దగ్గర ఒక ముసలామె మాత్రం, తన భర్తకు పాటలంటే ప్రాణమనీ బండిని కాసేపు ఆపమనీ చెప్పింది. ఆపాం. ఆమె గుంజకు ఆనుకుని నిలబడి మొత్తం వింది.

ఇప్పుడు నా దుకాణంలో పాటలు కోయడానికి ఇద్దరున్నారు. కంప్యూటర్ పని నాకంటే వాళ్లకే బాగా వచ్చు. వీధులు నడిచి చూసే పని మాత్రం నేను ఎవరికీ అప్పగించలేదు. తలుపు తట్టే ముందు ఇప్పటికీ చెప్పులు విడుస్తాను. గార్లదిన్నె మీదుగా ఎన్నోసార్లు పోయాను గానీ ఆ పిల్లవాడు ఏమయ్యాడో కనుక్కోలేదు. అన్ని ఇళ్ల దగ్గరా అడిగే నేను ఆ ఒక్క ఇంటి దగ్గర ఇంకా అడగలేకపోతున్నాను.