ఆళ్లగడ్డలో పాడి నంద్యాలలో ఆగిపోయే పెట్టె

ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో రాజరత్నం రేడియో రిపేరు అంగడి తెలియనివాళ్లు లేరు. వాళ్లకు తెలియని సంగతల్లా ఒక్కటే. తొంభై అయిదు నుంచీ ఆ అంగట్లో రిపేర్లు చేస్తున్నది రాజరత్నం కాదు, ఆయన భార్య దానమ్మ. చక్కెర జబ్బు రాజరత్నం కళ్లను కొంచెం కొంచెంగా తినేసింది. ముందు చిన్న పార్టుల మీది రంగుచారలు కలిసిపోయాయి, తర్వాత స్క్రూ తల కనబడకుండా పోయింది. పక్కన కూర్చుని సీసంతో అతుకులు వేసే కాలిన కడ్డీ అందిస్తూ వచ్చిన దానమ్మ ఒకరోజు ఆ కడ్డీని తన చేతిలోనే ఉంచేసుకుంది. చదివింది ఏడో తరగతి. అయితేనేం, మూగబోయిన టేపురికార్డరును ఆమె ముందు పెట్టండి, గంటలో నోరు తెరిపించేది.

ఈ మాట బయట చెబితే మాత్రం ఎవడిస్తాడు సెట్టు? ఆడమనిషి చేతికి కుట్టుమిషను ఇస్తారు గానీ టీవీ ఇస్తారా! అందుకని ముందు కూర్చుని మాట్లాడేది ఆయన, తడిక వెనక పని చేసేది ఆమె. నంద్యాలకు సామాన్లకు వెళ్లినా అంతే. స్పేరుపార్టుల అంగడి శివయ్య, "ఏం తెమ్మన్నాడమ్మా రాజరత్నమన్న?" అని అడిగేవాడు. "ఆయప్ప రాసిచ్చినాడన్నా" అంటూ, తాను రాసుకున్న చీటీని తానే అందించేది. పదేళ్లపాటు ఇదే నాటకం.

రెండువేల అయిదులో వచ్చింది తంటా. గడివేముల దగ్గర భూములున్న వెంకటేష్ నంద్యాలలో కొత్త ఇల్లు కట్టుకుని, హాల్లోకి హోమ్ థియేటరు కొన్నాడు. మూలమూలకో స్పీకరు, నడుమ గుండె అదిరే బాసుపెట్టె. వైర్లు కంటికి కనబడకూడదని గోడల్లో పూడ్పించాడు. కొన్నాళ్లు బ్రహ్మాండంగా పాడింది. ఆ తర్వాత, సౌండు పెంచితే చాలు, పది నిమిషాలకు, స్పీకర్లన్నిటినీ పాడించే యాంప్లిఫయరు పెట్టె టక్కుమని ఆగిపోవడం మొదలుపెట్టింది. అత్తగారి ఊరు ఆళ్లగడ్డే కాబట్టి రాజరత్నం పేరు విని, ఆ పెట్టె తెచ్చి ఇచ్చాడు.

దానమ్మ ఫ్యాను శుభ్రం చేసింది, వదులైన అతుకులన్నీ మళ్లీ అతికింది, తన అంగడి స్పీకర్లు తగిలించి ఆరు గంటలు పాడించింది. గుక్క తిప్పుకోలేదు. నంద్యాల వెళ్లిన మర్నాడే ఆగిపోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి స్పీకర్లకు కరెంటు కలిపి తెంపే రిలే మీద అనుమానంతో దాన్ని మార్చి, పాతదాన్ని కవర్లో కట్టి మరీ ఇచ్చింది. ఆళ్లగడ్డలో రోజంతా పాడిన పెట్టె నంద్యాల చేరగానే మళ్లీ మొరాయించింది.

వెంకటేష్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా శివయ్య అంగడికి వెళ్లి, ఊళ్లో మెకానిక్కులంతా నిలబడి ఉండగా అనేశాడు. "ఆళ్లగడ్డోళ్లు నా పెట్టెలో ఒరిజినల్ పార్టులు పీక్కొని డూప్లికేట్లు ఏసినారు!" ఆ వారం దానమ్మ చీటీ చాచితే శివయ్య అందుకోలేదు. "నిజమేనామ్మా?" అన్నాడు, కిందికి చూస్తూ. దానమ్మకు నడిబజారులో తల తీసేసినట్టయింది. మెకానిక్కుకు దొంగ అన్న పేరు వచ్చాక ఇంకేముంది, అంగడికి తాళం వేసుకోవడమే. పైగా ఆ పెట్టె విప్పిన చేతులు తనవి, పేరు పోతున్నది మొగుడిది.

ఆదివారం పొద్దున మొగుడి చెయ్యి పట్టుకుని నంద్యాల బస్సెక్కింది.

వెంకటేష్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా కండ్ల ముందర విప్పన్నా. ఏది నాదో, ఏది మీదో సూస్తా."

రాజరత్నం స్క్రూడ్రైవరు పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. మొన స్క్రూ మీద ఆనలేదు. ఒకసారి జారింది, రెండోసారి జారింది. మూడోసారి పెట్టె మీద గీత పడింది. దానమ్మ అందుకోబోయి, వెంకటేష్ చూపు తగిలి ఆగింది.

రాజరత్నం స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. "నాకు కండ్లు కనపడవప్పా. పదేండ్లాయ. చేసేదంతా ఈమే."

"ఏందీ! ఇన్ని దినాలు ఆడమనిషి చేతికా నా పెట్టె ఇచ్చింది?"

అవును నాయనా, ఆడమనిషి చేతికే. మీ అత్తగారి టీవీని నాలుగుసార్లు బతికించిందీ ఆ చెయ్యే. దానమ్మ ఆ మాట అనలేదు గానీ, మొగుడి పక్కన కూర్చుని ఆ స్క్రూడ్రైవరు తీసుకుంది. ఇంక దాచడానికి ఏం మిగిలింది!

పెట్టె వెనక వైర్లన్నీ పీకి, సంచిలోంచి తన పాత స్పీకరు తీసి తగిలించింది. సౌండు పెంచింది. పది నిమిషాలు, పావుగంట. ఆగలేదు. "పెట్టె బాగానే ఉండాదప్పా" అంది. తర్వాత ఇంటి వైర్లు ఒక్కొక్కటే తగిలిస్తూ పోయింది. ఒకటి, రెండు, మూడు. బాగానే ఉంది. నాలుగోది తగిలించి సౌండు పెంచితే, పది నిమిషాలు కాకముందే టక్కుమని ఆగింది.

పాట ఆగిపోవడం విని లోపల్నుంచి వెంకటేష్ తల్లి సుబ్బలక్ష్మమ్మ వచ్చింది. గోడమీద పెద్ద పటంలో ఆమె భర్త పుల్లయ్య ఉన్నాడు. గంధపు దండ, కింద ఎర్ర బల్బు. "ఇంగ వదిలేయండప్పా. ఆయప్పకు ఈ గోల గిట్టదు. ఆయనే ఆపుతాండాడు" అని పటానికి దండం పెట్టింది.

దానమ్మ నాలుగో వైరును పెట్టె నుంచి పీకి, దానికున్న స్పీకరూ తీసేసి, ఆ వైరుకు మీటరు పెట్టింది. ముల్లు కదల్లేదు, అంటే లోపలి రెండు తీగలూ ఎక్కడా కలవలేదు. వైరు నిక్షేపంగా ఉంది. "ఇప్పుడేమంటావు?" అన్నాడు వెంకటేష్. దానమ్మ మీటరు కొనలు మళ్లీ ఆనించి చూసింది. వైరు కాకపోతే ఇంకేమిటి? దేవా, ఈ ఒక్కసారికి దారి చూపించు తండ్రీ అనుకుంది.

"మీటరు తీయకుండా తక్కినవి పాడించు" అన్నాడు రాజరత్నం మెల్లగా.

పాట మొదలైంది. బాసు దరువుకు హాలు అదిరింది. దరువు పడ్డప్పుడల్లా మీటరు ముల్లు ఎగిరిపడుతోంది! దానమ్మ లేచి, వైరు పోయిన దారంట గోడమీద చెయ్యి పెట్టి నడిచింది. పుల్లయ్య పటం దగ్గరికి వచ్చేసరికి ఫ్రేము గోడమీద టకటకా కొట్టుకుంటున్నది.

"ఈ పటం ఎప్పుడు తగిలించినారప్పా?"

"నాయన సంవత్సరీకానికి. దసరా ముందర."

"పెట్టె ఆగేది ఎప్పట్నుంచి?"

వెంకటేష్ నెలలు లెక్కపెట్టుకుని పటం వైపు చూశాడు.

"పటం దించాల" అంటూ చెయ్యి చాచింది.

"మా నాయన పటం మీద చెయ్యేస్తావా!" అని గద్దించాడు.

దానమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎంత అవమానమో అంత కోపమూ వచ్చింది. "నేను తాకనులే. మీరే దించి ఆ మేకు పీకండి. దాని మొనకు రాగి అంటకుంటే నేను దొంగనని శివయ్య అంగట్లో నేనే చెప్తా."

రాజరత్నం "దానమ్మా!" అన్నాడు. ఆమె వెనక్కి తగ్గలేదు.

కొడుకు కదలకపోతే సుబ్బలక్ష్మమ్మే స్టూలు లాక్కుని ఎక్కింది. పటాన్ని గుండెకు ఆనించుకుని దిగింది. బరువు పటమని నాలుగంగుళాల మేకు కొట్టారు. వెంకటేష్ పటకారుతో పీకాడు. తుప్పుపట్టిన ఇనుము చివర కొత్త రాగి మెరిసింది. రెండు తీగల నడుమ దిగిన మేకు, ఇల్లు అదిరినప్పుడల్లా రెంటినీ కలుపుతూ వచ్చిందన్నమాట!

దానమ్మ అన్ని వైర్లూ తగిలించి, సౌండు నిండా పెట్టింది. అరగంట పాడింది. సుబ్బలక్ష్మమ్మ పటాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. "అయితే ఆయప్పకు నామీద కోపం లేదా? ఇన్నాళ్లూ భయపడి సచ్చినా కదమ్మా!"

వెంకటేష్ జేబులో చెయ్యి పెట్టాడు. "ఎంతియ్యాల?"

"దుడ్లు వద్దు. శివయ్య అంగట్లో ఏమన్నావో, అంతమంది ముందర అది కాదని చెప్పు. పా, పోదాం."

మర్నాడు చెబుతానన్నాడు. "ఇప్పుడే పోరా" అంది తల్లి. ఆ మేకు తీసి కొడుకు చేతిలో పెట్టింది.

శివయ్య అంగడి ముందు నలుగురైదుగురు మెకానిక్కులున్నారు. వెంకటేష్ బల్లమీద మేకు పెట్టి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "పార్టులేం కొట్టేయలా. తప్పు మా ఇంటిదే. కనిపెట్టింది ఈయమ్మ."

నలుగురూ దానమ్మను చూశారు, పక్కన నిలబడ్డ రాజరత్నాన్ని చూశారు. శివయ్య నోరు వెళ్లబెట్టి, అలవాటు కొద్దీ అడిగాడు. "సరే గానీ, ఏం తెమ్మన్నాడమ్మా రాజరత్నమన్న?"

"ఆయప్ప ఏం తెమ్మనలా" అంది దానమ్మ. "నాకే కావాల. సోల్డరింగ్ లెడ్డు ఒక చుట్ట ఇయ్యన్నా."