పొగకు విరుగుడనుకున్న పళ్ళు

వాచీల మేస్త్రి ముప్పై ఏళ్ళుగా ఆ గది కిటికీ తెరవనివ్వలేదు. గాలి వీస్తే బల్లమీది మరలు, ఆవగింజలో సగం ఉండేవి, ఎక్కడికి పోతాయో తెలియదు. దుమ్ము పడితే బాగుచేసిన వాచీ మళ్ళీ మొరాయిస్తుంది. అదే గదిలో అవతలి గోడవారన అతని భార్య కుట్టుమిషను. వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనేవారు. ఇద్దరి మధ్య నాలుగడుగుల జాగా. ఆ జాగా నిండా అతని సిగరెట్ల పొగ.

రోజుకి పద్దెనిమిది కాలిస్తే గాని చెయ్యి నిలకడగా ఉండదని అతని వాదన. మానమని చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పి పుట్టింది. ఒకనాడు పేపర్లో చదివింది: పొగాకు విషాలు ఒంటికి చేసే చెరుపును తట్టుకోవడానికి పళ్ళు కొంత సాయపడవచ్చునట. మర్నాటి నుంచి పదకొండయ్యేసరికి పళ్ళెం తయారు. నారింజ తొనలు, జామ ముక్కలు, ఒక్కోరోజు ఆపిల్. గింజలు తీసి, నూలుపోగులు పడకుండా మూతపెట్టి, అతని మోచేతి దగ్గర ఉంచేది. తను మటుకు తొక్కకు అంటుకున్న కాస్త గుజ్జు గీరి నోట్లో వేసుకునేది.

మేస్త్రి పళ్ళెం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, సిగరెట్టు వెలిగించేవాడు.

"తిన్నానుగా. ఇంక లోపల అవీ అవీ తేల్చుకుంటాయి" అనేవాడు నవ్వుతూ.

ఏడాది తిరిగేసరికి ఇంట్లో దగ్గు మొదలైంది. అతనికి కాదు, ఆమెకు.

మొదట బట్టల నూగు అనుకుంది. తర్వాత మాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోయేది. ఒక మధ్యాహ్నం దగ్గు తెర ఆగకుండా వచ్చింది. మేస్త్రి కంటికున్న భూతద్దం తీసి తిరిగి చూసేసరికి ఆమె మిషను మీదికి ఒరిగిపోయి ఉంది. పెదాలు నీలిరంగుకి తిరిగాయి. అతను చేతిలోది అలాగే నేలమీద పారేసి, ఆమెను పొదివి పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు.

ఆక్సిజన్ పెట్టాక ఊపిరి కుదుటపడింది. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది.

"రోజుకి ఎన్ని కాలుస్తారమ్మా?"

"నేనా? నేనెప్పుడూ ముట్టుకోలేదండీ."

డాక్టరమ్మ తలెత్తి ఆమెను కాదు, మేస్త్రిని చూసింది. అతని చెయ్యి తనకు తెలియకుండానే సిగరెట్టు పెట్టె ఉన్న చొక్కా జేబుని కప్పేసింది.

"కుడివైపు మచ్చ ఉంది. అదేమిటో ఇప్పుడే చెప్పలేను. లోపలినుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. వారం పడుతుంది."

ఆ వారం అతనికి గడవలేదు. ఇంటికి రాగానే కిటికీ బార్లా తెరిచాడు. పెట్టెలో మిగిలిన సిగరెట్లు తుంచి పారేశాడు. మూడోనాటికి చేతులు వణకడం మొదలైంది. పట్టకారుతో స్ప్రింగు పట్టుకోబోతే అది జారి ఎగిరిపోయింది. నాలుగుసార్లు నేలంతా వెతికాడు. ఐదోనాడు ఉండబట్టలేక వీధి చివర కొట్టుకి వెళ్ళి ఒకటి కొన్నాడు. అగ్గిపుల్ల గీశాడు. పుల్ల వేలిదాకా కాలింది గాని సిగరెట్టు నోటిదాకా రాలేదు.

ఇంటికొచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. "నన్ను తిట్టవేం?" అన్నాడు.

"తిట్టడానికి ఊపిరి కావద్దూ? ముందు రిపోర్టు రానివ్వండి" అంది ఆమె. ఆ మాటకి ఇద్దరూ నవ్వబోయారు, నవ్వలేకపోయారు.

ఎనిమిదో రోజు డాక్టరమ్మ కాగితం తెరిచింది. అది చదివేంతసేపూ మేస్త్రి బల్ల అంచు పట్టుకునే నిలబడ్డాడు.

"కాన్సర్ కాదు. ఎప్పుడో వచ్చి తగ్గిన జబ్బు మిగిల్చిన మచ్చ అది. కానీ ఊపిరి గొట్టాలు బాగా దెబ్బతిన్నాయి. మందులతో ఇంకా దిగజారకుండా చూద్దాం. పోయింది పూర్తిగా తిరిగి రాదు. ఆ పొగలో ఇన్నేళ్ళు కూర్చున్నారు మరి."

మేస్త్రి అందుకున్నాడు. "రోజూ పళ్ళు తినేవాణ్ణండీ. విరుగుడని..."

"పళ్ళు మంచివే. ఒంటికి కొంత బలం చేకూర్చవచ్చు. అంతేగాని విరుగుడు కాదు. మీరు మానలేదు. పైగా పొగ ఇద్దరూ పీల్చారు, పళ్ళు మీరొక్కరే తిన్నారు."

టైలరమ్మే కల్పించుకుని, "కోసిపెట్టింది నేనేలెండి" అంది.

ఆ తర్వాత కూడా అతను రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ తనే వచ్చి ఆమెకు చెప్పాడు. మూడోసారి తప్పలేదు. కిటికీ తెరిచి ఉన్నా మరలు ఎగిరిపోకుండా బల్లచుట్టూ అద్దాల గూడు బిగించుకున్నాడు.

ఇప్పుడు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి ఇద్దరూ కలిసే వెళతారు. మూట అతని భుజాన ఉంటుంది. మూడో అంతస్తు ఇంటికి చేరేలోగా ఆమె ఎనిమిదిచోట్ల ఆగుతుంది. అతను ఒక మెట్టు కింద నిలబడి, తొందరపెట్టకుండా, ఆమె ఊపిరి తీసుకునేదాకా కాచుకుంటాడు.