మొదటి మాట నమ్మని తల్లి

మా బాపుకు ఇబ్రహీంపట్నంలో బట్టల కొట్టు ఉండేది. నేను నడక నేర్చింది చీరల మూటల మధ్యనే. బేరంలో ఎదుటివాళ్లు చెప్పే మొదటి మాట అసలు మాట కాదన్నది అక్కడ నాకు అబ్బిన విద్య. పెళ్లయ్యాక కూడా దాన్ని వదల్లేదు. డాక్టరు వారం రోజులు మందులు వాడమంటే, ఐదు రోజులకు ఒప్పించి వచ్చేదాన్ని. పైగా గెలిచినట్టు ఇంట్లో చెప్పుకునేదాన్ని.

కొంగరకలాన్ దాకా పొలాలన్నీ ప్లాట్ల వెంచర్లవుతున్న రోజులవి. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నీకో మాట జెప్పాలె. దోస్తులతోని వెంచర్ కాడ గంజాయి తాగిన. మూడుసార్లు."

చెయ్యి చిక్కుడుకాయ మీదే ఆగిపోయింది. నోరు మాత్రం పోయి బాపు కొట్లో కూర్చుంది.

"మూడంటే ఆరనుకోవాల్నా, పదనుకోవాల్నా?"

"మూడే అంటున్న గద."

"ఇంకేమేం తాగినవ్? గది జెప్పు ముందు."

"ఇంకేం లేదు."

"ఉత్తగ వచ్చి ఎవడు జెప్తడురా? ఏం గావాలె నీకు?"

వాడు నా మొహంలోకి చూశాడు. "నీకు జెప్పుడు నాదే తప్పు" అంటూ లేచి చెప్పులేసుకున్నాడు.

ఆ లేవడం నాకు తెలుసు. బాపు కొట్లో కొందరు లేచినట్టు నటించేవాళ్లు. చెప్పులు వెతుక్కుంటూ వెనక్కి చూసేవాళ్లు. కొందరు నిజంగానే లేచేవాళ్లు. వాళ్లను మెట్లు దిగకముందే పిలవాలి, రోడ్డెక్కితే ఇక మన కొట్టుకు రారు. మా వాడు వెనక్కి చూడలేదు.

ఇక వాడు నాకు ఏదీ చెప్పడనిపించింది. గంజాయి కన్నా దానికే ఎక్కువ భయపడ్డాను. ఒళ్లోని చిక్కుళ్లు కింద రాలుతుంటే గేటు దాకా పరుగెత్తాను.

"ఆగు బిడ్డా. మూడే. నమ్మిన."

వాడు గడియ మీది చెయ్యి తియ్యలేదు. "మల్ల అడుగవా?"

"అడుగ."

గడియ వదిలి, "నాలుగు" అన్నాడు. "నాలుగోది నిన్న. రేపు గూడ పిలుస్తరు. వద్దని ఎట్ల జెప్పాల్నో తెలుస్తలేదు."

ఎట్లా చెప్పాలో నాకూ తెలియదు. జీవితంలో దేన్నీ వద్దన్నది లేదు, సగానికి అడిగి తెచ్చుకోవడమే నాకు వచ్చు. ఆ మాటే వాడితో అన్నాను. నవ్వాపుకోలేకపోయాడు.

మర్నాడు ఇద్దరం దవాఖానకు పోయాం. డాక్టరమ్మ కౌన్సెలింగ్‌కు ఎనిమిది వారాలు రావాలంది. నేను "ఆరు" అనబోయాను. పక్కనుంచి మా వాడు "అమ్మా" అన్నాడు. ఎనిమిదికే తలూపాను.

మూడో వారంలో ఒకసారి తాగానని వాడే వచ్చి చెప్పాడు. "ఒక్కసారేనా?" అన్న మాట గొంతు దాకా వచ్చింది. మంచినీళ్లతో దాన్ని మింగి, కంచంలో అన్నం వడ్డించాను. ఎవరు పిలిచారో, ఎందుకు కాదనలేకపోయాడో, ఈసారి పిలిస్తే ఏమనాలనుకుంటున్నాడో, తింటూ తింటూ అంతా వాడే చెప్పాడు.